గెలుపును ప్రశ్నించిన ఆటగాడు

పాఠ్యభాగ ఉద్దేశం

క్రీడలంటే దేహదారుఢ్యం, సాధన, పట్టుదల మాత్రమే అని సాధారణంగా భావిస్తాం. ఆటలో ఆలోచనకు, పరిశీలనకు, లెక్కకు కూడా స్థానం ఉందనీ, తన విజయాన్ని తానే నిష్పక్షపాతంగా పరీక్షించుకోగలగడం మంచి విద్యార్థి లక్షణమనీ తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. అమెరికాకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు బ్రయాన్ బానిస్టర్ అనుభవం ఇందుకు ఆధారం.

పాఠ్యభాగం

మానవ ప్రయత్నానికీ ఫలితానికీ నడుమ కొంత దూరం ఉంటుంది. ఎంతో శ్రమించినవాడు ఓడిపోవడం, అంతగా శ్రమించనివాడు గెలవడం లోకంలో తరచు కనిపించేవే. మనిషి చేసే ప్రయత్నాన్ని మన పూర్వులు పురుషకారమన్నారు. మనిషి చేతిలో లేనిదాన్ని దైవమన్నారు. కార్యసిద్ధికి ఈ రెండింటిలో ఏది ప్రధానమని మహాభారతంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. అదే ప్రశ్నను మన కాలంలో ఒక ఆటగాడు అంకెల సాయంతో తనకు తానే వేసుకున్నాడు. ఓడిపోయినప్పుడు ఇటువంటి ప్రశ్న ఎవరికైనా తోస్తుంది. బానిస్టర్ దీన్ని గెలిచినప్పుడు వేసుకున్నాడు. ఆయన విశిష్టత అందులో ఉంది.

ఆట స్వరూపం

బేస్‌బాల్ అమెరికాలో విశేష ఆదరణ గల క్రీడ. క్రికెట్ ఎరిగిన మనకు దీన్ని గ్రహించడం కష్టం కాదు. క్రికెట్‌లో బౌలర్ వంటివాడు ఇందులో పిచర్. అయితే పిచర్ పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేయడు. మైదానంలో చిన్న మట్టిదిబ్బపై నిలిచి విసురుతాడు. బంతి నేలను తాకకుండా గాలిలోనే బ్యాటర్‌ను చేరాలి. పిచర్ నిలిచే చోటికీ, బ్యాటర్ పక్కన నేలపై అమర్చిన 'హోమ్ ప్లేట్' అనే తెల్లని పలకకూ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి ఈ దూరాన్ని అర సెకను కన్నా తక్కువ కాలంలో దాటుతుంది. అంతలోనే బ్యాటర్ బంతిని గుర్తించాలి, కొట్టాలో విడవాలో నిర్ణయించుకోవాలి, కొట్టాలి.

హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దాని మీదుగా, బ్యాటర్ మోకాళ్లకూ ఛాతీకీ మధ్య వచ్చే బంతిని ఆయన విడిచిపెట్టినా, ఏ బంతినైనా కొట్టబోయి తప్పినా, అది 'స్ట్రైక్' అవుతుంది. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ ఔటు; దీని పేరు 'స్ట్రైకౌట్'. ఆ పరిధికి వెలుపలగా వచ్చిన బంతిని బ్యాటర్ విడిచిపెడితే అది 'బాల్'. నాలుగు బాల్‌లు పడితే బ్యాటర్ శ్రమలేకుండా మొదటి స్థావరానికి నడిచిపోతాడు. దీన్ని 'వాక్' అంటారు. బంతిని గాలిలో ప్రహరీ దాటిస్తే 'హోమ్ రన్'. ఇవి కాక మిగిలినవి మైదానంలో పడే బంతులు. వాటిని ఫీల్డర్లు అందుకుని బ్యాటర్‌ను ఔటు చేస్తే పిచర్‌కు మేలు; అందకపోతే బ్యాటర్‌కు 'హిట్' దక్కుతుంది.

పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో లెక్కగట్టి ఆయన ప్రతిభను అంచనా వేయడం చిరకాలంగా వస్తున్న పద్ధతి. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చిన పరుగులను ఇందులో చేర్చరు. ఈ పరుగుల సగటు ఎంత తక్కువైతే పిచర్ అంత గొప్పవాడని భావన. దానితోపాటు ఆయన ఎన్ని ఆటలు గెలిచాడన్నది కూడా చూస్తారు.

లెక్కలు తెచ్చిన మార్పు

ఈ కొలమానాలు సరైనవేనా అన్న సందేహం కొందరు ఆలోచనాపరులకు కలిగింది. వారిలో ముఖ్యుడు బిల్ జేమ్స్. ఆయన ఆటగాడు కాడు, శిక్షకుడూ కాడు. కాన్సస్ రాష్ట్రంలో ఆహారపదార్థాలను డబ్బాలలో నింపే ఒక కర్మాగారంలో రాత్రి కాపలాదారుగా పనిచేస్తూ, తీరిక సమయంలో ఆటల లెక్కలను పరిశీలించేవాడు. తాను గ్రహించిన విషయాలను 1977 నుండి ఏటేటా పుస్తకంగా వెలువరించాడు. మొదట కొద్దిమందే చదివిన ఆ పుస్తకాలు కాలక్రమంలో ఆటను చూసే దృష్టినే మార్చాయి. ఈ పరిశీలనకు 'సేబర్‌మెట్రిక్స్' అనే పేరు స్థిరపడింది.

ఆ మార్గంలో నడిచిన మరో పరిశోధకుడు వోరోస్ మెక్‌క్రాకెన్. ఆయన 2001లో ప్రచురించిన వ్యాసం పెద్ద వివాదాన్ని రేపింది. పిచర్ ఆధీనంలో ఉండే ఫలితాలు ప్రధానంగా మూడు మాత్రమేనని ఆయన ప్రతిపాదించాడు: స్ట్రైకౌట్, వాక్, హోమ్ రన్. ఈ మూడింటిలో ఫీల్డర్లకు పని లేదు. ఒకసారి బంతి మైదానంలో పడిందా, అది హిట్ అవుతుందా, ఔటు అవుతుందా అనేది ఫీల్డర్ల నేర్పుపైనా, బంతి పడిన చోటుపైనా, అదృష్టంపైనా ఆధారపడుతుంది. మైదానంలో పడే ప్రతి పది బంతులలో సుమారు మూడు హిట్‌లవుతాయి. ఒక సంవత్సరం ఒక పిచర్‌కు ఈ సంఖ్య చాలా తక్కువగా ఉన్నంత మాత్రాన మరుసటి సంవత్సరం కూడా అలాగే ఉంటుందన్న భరోసా లేదు. గొప్ప పిచర్లకు సైతం ఈ సంఖ్య ఏటేటా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందని ఆయన చూపాడు.

ఈ మాట ఎందరికో రుచించలేదు. బ్యాటర్ చేత బలహీనంగా కొట్టించడం పిచర్ విద్యే కదా అని వారు వాదించారు. తరువాతి పరిశోధకులు మెక్‌క్రాకెన్ ప్రతిపాదనను కొంత సవరించారు. పిచర్ ప్రభావం బొత్తిగా లేకపోలేదనీ, అయితే మనం అనుకున్నంత కూడా లేదనీ తేల్చారు.

తన గెలుపుపై తానే విచారణ

బ్రయాన్ బానిస్టర్ 1981లో అరిజోనా రాష్ట్రంలో జన్మించాడు. ఆయన తండ్రి ఫ్లాయిడ్ బానిస్టర్ కూడా పిచరే. ఆయన వేగానికి పేరుపొందినవాడు. 1982లో తన లీగులో అందరికన్నా ఎక్కువగా 209 స్ట్రైకౌట్‌లు సాధించాడు. తండ్రి వేగం కుమారుడికి అబ్బలేదు. బ్రయాన్ విసిరే బంతి సాధారణంగా గంటకు 145 కిలోమీటర్లు మించేది కాదు. వృత్తి క్రీడాకారులలో ఇది తక్కువ వేగమే. ఈ లోటును ఆలోచనతో పూరించుకోవాలని ఆయన సంకల్పించాడు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చలనచిత్ర కళను అభ్యసించిన ఆయనకు దృశ్యాన్ని నిశితంగా చూసే అలవాటు ఉంది. లెక్కలపై అభిరుచి ఉంది.

2006లో న్యూయార్క్ మెట్స్ జట్టులో ప్రవేశించిన బానిస్టర్, 2007లో కాన్సస్ సిటీ రాయల్స్ జట్టుకు మారాడు. ఆ సంవత్సరం ఆయనకు 12 గెలుపులు, 9 ఓటములు. పరుగుల సగటు 3.87. ఆ లీగులో ఉత్తమ నూతన క్రీడాకారుని ఎంపికలో మూడవ స్థానం లభించింది. బలహీనమైన జట్టులో ఉంటూ ఇంతటి ఫలితం సాధించిన యువకునికి అభినందనలు వెల్లువెత్తడం సహజం.

అటువంటి వేళ బానిస్టర్ తన లెక్కలను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన 165 ఇన్నింగ్స్‌లలో 77 స్ట్రైకౌట్‌లు మాత్రమే సాధించాడు. అంటే ఎక్కువమంది బ్యాటర్లు ఆయన బంతిని కొట్టగలిగారు. అయినా మైదానంలో పడిన ఆ బంతులలో హిట్‌లైనవి సగటు పిచర్ కన్నా తక్కువ. ఈ తేడా తన నేర్పు వల్ల వచ్చిందా, అదృష్టం వల్లనా? అదృష్టం వల్లనైతే మరుసటి ఏడు అది తనను విడిచిపోవచ్చు. తన గెలుపు నిజంగా తనదేనా అన్న ఈ ప్రశ్నను ఆయన దాచుకోలేదు. 2008 ఆట ఆరంభం కాకముందే బహిరంగంగా చర్చించాడు.

చర్చించి ఊరుకోక ఒక ఊహను కూడా ప్రతిపాదించాడు. రెండు స్ట్రైకులు పడిన బ్యాటర్‌కు మరొక్క స్ట్రైక్ పడితే ఔటు తప్పదు. అందువల్ల అతడు తనకు నచ్చిన బంతికై వేచి ఉండలేడు. ఇష్టం లేని బంతిని కూడా ఎలాగో ఒకలాగ తాకవలసి వస్తుంది. అలా తాకిన బంతి బలహీనంగా పోతుంది. నాలుగు బాల్‌లకు చేరువైన పిచర్ పరిస్థితి ఇందుకు విరుద్ధం. ఆయన తప్పనిసరిగా ప్లేట్ మీదికి విసరాలి. బ్యాటర్ దానికై కాచుకుని ఉంటాడు. కాబట్టి త్వరగా రెండు స్ట్రైకులు సాధించి, ఆ తరువాతనే బ్యాటర్ చేత కొట్టిస్తే హిట్‌లు తగ్గుతాయని బానిస్టర్ భావన. వేగం లేని తాను 2007లో నెగ్గడానికి ఇది కొంతవరకైనా కారణం కావచ్చునని ఆయన వాదించాడు.

ఊహకు ఎదురైన పరీక్ష

ఊహ ఎంత తర్కబద్ధంగా ఉన్నా అనుభవం చేసే పరీక్షకు నిలవాలి. 2008లో బానిస్టర్‌కు 9 గెలుపులు, 16 ఓటములు వచ్చాయి. పరుగుల సగటు 5.76కు పెరిగింది. మైదానంలో పడిన బంతులు ముందటి ఏటి వలె ఫీల్డర్ల చేతికి చిక్కలేదు. హోమ్ రన్‌లు దాదాపు రెట్టింపయ్యాయి. రెండు స్ట్రైకుల ఉపాయంలో కొంత సత్యం ఉన్నా, ఒక పిచర్ జయాపజయాలను నిలబెట్టగల బలం దానికి లేదని తేలిపోయింది.

ఇటువంటి స్థితిలో చాలామంది అంపైర్లనో, ఫీల్డర్లనో, విధినో నిందిస్తారు. మరికొందరు లెక్కలనే విడిచిపెడతారు. బానిస్టర్ రెండూ చేయలేదు. తన ఊహ చాలదని అంగీకరించి, మరల పరిశీలనకు పూనుకున్నాడు. అదే కాలంలో మైదానాలలో ఒక కొత్త పరికరం ప్రవేశించింది. 2006 చివర మొదలై 2008 నాటికి ప్రధాన లీగు మైదానాలన్నింటిలో నెలకొన్న ఆ కెమెరాల ఏర్పాటు పేరు 'పిచ్ ఎఫ్ఎక్స్'. అది ప్రతి బంతి వేగాన్నీ, గాలిలో అది వంగిన తీరునూ, ప్లేటును దాటిన చోటునూ నమోదు చేసేది. బానిస్టర్ ఆ వివరాలలో తన బంతులను ఒక్కొక్కటిగా పరీక్షించుకున్నాడు. నిటారుగా పోయే తన వేగపు బంతిని బ్యాటర్లు గాలిలోకి ఎత్తి కొడుతున్నారని గ్రహించి, దాని స్థానంలో చివరి క్షణంలో కొద్దిగా పక్కకు జరిగే 'కటర్' అనే బంతిని ఎక్కువగా వాడసాగాడు. నేల మీదుగా పోయే బంతి ఎన్నటికీ హోమ్ రన్ కాజాలదు కదా!

2009లో కొన్ని నెలలు ఈ మార్పు మంచి ఫలితాన్నిచ్చింది. కానీ ఏడాది చివరికి భుజం సహకరించలేదు. ఆ ఏడు 7 గెలుపులు, 12 ఓటములతో ముగిసింది. 2010 ఇంకా కష్టంగా గడిచింది. 2011లో జపాన్‌లోని యోమియురి జెయంట్స్ జట్టులో చేరినా, ఆ మార్చిలో సంభవించిన మహాభూకంపం తరువాత స్వదేశానికి తిరిగివచ్చి ఆటకు స్వస్తి చెప్పాడు. మొత్తం మీద ఆయన గెలుపులు 37, ఓటములు 50.

ఈ అంకెలను చూసి విశ్లేషణ నిరుపయోగమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. భుజబలానికి బుద్ధిబలం తోడు కాగలదే గాని దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించలేదు. ఈ పరిమితి బానిస్టర్‌కు తెలియనిది కాదు. అయితే ఆయన ఆర్జించిన విద్య ఆయనతోనే ఆగిపోలేదు.

పంచిన విద్య

రాయల్స్ జట్టులో బానిస్టర్ సహచరుడు జాక్ గ్రెయింకీ. చిన్న వయసులోనే అసమాన ప్రతిభావంతుడని పేరు తెచ్చుకున్న గ్రెయింకీ, 2005లో 5 గెలుపులు, 17 ఓటములు చవిచూశాడు. మానసిక కుంగుబాటు, నలుగురిలో మెలగడానికి సంబంధించిన తీవ్రమైన ఆందోళన కారణంగా 2006 ఆరంభంలో ఆటనే విడిచి వెళ్లాడు. చికిత్స పొంది తిరిగివచ్చాడు. ఆయనకు బానిస్టర్ ఒక కొత్త కొలమానాన్ని పరిచయం చేశాడు. ఫీల్డర్ల ప్రమేయం లేని ఫలితాలతోనే పిచర్‌ను తూచే ఆ కొలమానం పేరు 'ఎఫ్ఐపీ'. ఇందులో హోమ్ రన్‌కు 13, వాక్‌కు 3 చొప్పున భారం చేరుతుంది. బంతి తగిలి స్థావరానికి చేరిన బ్యాటర్‌నూ వాక్ వలెనే లెక్కిస్తారు. ప్రతి స్ట్రైకౌట్‌కు 2 తగ్గుతుంది. వచ్చిన మొత్తాన్ని ఇన్నింగ్స్ సంఖ్యతో భాగించి, పరుగుల సగటుతో పోల్చడానికి వీలుగా ఒక స్థిర సంఖ్యను కలుపుతారు.

గ్రెయింకీకి ఈ ఆలోచన ఎందుకు అక్కరకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2009లో రాయల్స్ జట్టు 65 ఆటలు గెలిచి 97 ఆటలు ఓడింది. అటువంటి జట్టులోని పిచర్ గెలుపోటములనే తలచుకుంటూ ఉంటే నిరుత్సాహం తప్పదు. తన చేతిలో లేనిదాన్ని విడిచి, తన చేతిలో ఉన్న మూడింటిపైనే మనసు నిలిపే మార్గాన్ని ఈ కొలమానం చూపింది. ఆ ఏడాది గ్రెయింకీ 242 స్ట్రైకౌట్‌లు సాధించాడు. 229 ఇన్నింగ్స్‌కు పైగా ఆడి 51 వాక్‌లు, 11 హోమ్ రన్‌లు మాత్రమే ఇచ్చాడు. పరుగుల సగటు 2.16. గెలుపులు 16 మాత్రమే. అదే లీగులో 19 గెలుపులు సాధించినవారు ఉన్నా, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం గ్రెయింకీనే వరించింది. 2009 నవంబరులో ఆ సందర్భంగా ఆయన, తాను బంతి విసిరేటప్పుడు ఎఫ్ఐపీని వీలైనంత తక్కువగా ఉంచడానికే ప్రయత్నిస్తానని చెప్పాడు.

బానిస్టర్ ఆట మానిన తరువాత, 2015లో బోస్టన్ రెడ్ సాక్స్ సంస్థ ఆయనను విశ్లేషకునిగా నియమించింది. అక్కడి అనుబంధ జట్టు పాటకెట్‌లో రిచ్ హిల్ అనే ఎడమచేతి పిచర్ ఉన్నాడు. ఆయన వయసు 35. గాయాలతో అవకాశాలు సన్నగిల్లి, ఆ ఏడాదే చిన్న స్వతంత్ర లీగులో ఆడి వచ్చాడు. ఆయన బంతుల వివరాలను పరిశీలించిన బానిస్టర్‌కు ఒక విషయం కనిపించింది. హిల్ విసిరే 'కర్వ్‌బాల్' అసాధారణమైన వేగంతో గిరగిర తిరుగుతుంది. అలా తిరిగే బంతి ప్లేట్ దగ్గర హఠాత్తుగా కిందికి వంగుతుంది. అయినా హిల్ అందరి వలె మామూలు వేగపు బంతినే ప్రధానంగా నమ్ముకున్నాడు. నీకున్న గొప్ప ఆయుధాన్ని ఎందుకు దాచుకుంటావన్నదే బానిస్టర్ సలహాలోని సారాంశం. కర్వ్‌బాల్‌ను మరింత తరచుగా, వేగాన్ని, వంపును మారుస్తూ విసరమన్నాడు. ఆ సెప్టెంబరులో హిల్ ప్రధాన లీగుకు తిరిగివచ్చి నాలుగు ఆటలలో 29 ఇన్నింగ్స్‌కు 36 స్ట్రైకౌట్‌లు సాధించాడు. 2016 డిసెంబరులో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ జట్టు ఆయనతో మూడేళ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 45 ఏళ్ల వయసులో, 2025లో కూడా హిల్ ప్రధాన లీగులో బంతి విసిరాడు.

ఉపసంహారం

విశ్లేషణ అంటే అంకెలను పోగుచేయడం కాదని బానిస్టర్ అనుభవం తెలుపుతుంది. ఫలితంలో మన పాలు ఎంత, పరిస్థితుల పాలు ఎంత అని వేరుచేసి చూడడం అందులో మొదటి మెట్టు. మన ఊహను మనమే పరీక్షకు పెట్టడం రెండవది. పరీక్షకు నిలవని ఊహను, అది మనకెంత ప్రియమైనదైనా, విడిచిపెట్టగలగడం మూడవది. వీటిలో చివరిదే కష్టం.

పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినప్పుడు, చదివిన ప్రశ్నలే రావడం వల్ల వచ్చాయా, విషయం నిజంగా బోధపడటం వల్ల వచ్చాయా అని ప్రశ్నించుకునే విద్యార్థి తరువాతి పరీక్షకు మరింత బాగా సిద్ధం కాగలడు. తక్కువ మార్కులు వచ్చినప్పుడు కూడా ఆ ప్రశ్నే అతణ్ణి అనవసరమైన కుంగుబాటు నుండి కాపాడుతుంది. పంచినకొద్దీ పెరిగే ధనం విద్య అని మన పెద్దలు చెబుతారు. 37 గెలుపులతో ముగిసిన బానిస్టర్ ఆట, ఆయన విద్యను అందుకున్నవారి చేతులలో ఆ తరువాత కూడా కొనసాగింది.

కఠిన పదాలు – అర్థాలు

పురుషకారం = మానవ ప్రయత్నం
దేహదారుఢ్యం = శరీర బలం
కొలమానం = కొలిచే సాధనం
నిశితంగా = సూక్ష్మంగా
తర్కబద్ధం = హేతువుకు నిలిచేది
పరిమితి = హద్దు
స్వస్తి చెప్పు = ముగించు, విరమించు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 2007లో తన గెలుపును బానిస్టర్ ఎలా పరీక్షించుకున్నాడో వివరించండి.
2. బానిస్టర్ విద్య గ్రెయింకీ, హిల్‌లకు ఎలా ఉపకరించిందో తెలపండి.

ఆ. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. పిచర్ ఆధీనంలో ప్రధానంగా ఉండే మూడు ఫలితాలు ఏవి?
2. రెండు స్ట్రైకులు పడిన బ్యాటర్ స్థితి ఎటువంటిది?
3. విశ్లేషణలోని మూడు మెట్లు ఏవి?

ఇ. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బిల్ జేమ్స్ ఏ ఉద్యోగం చేస్తూ ఆటల లెక్కలను పరిశీలించాడు?
2. 'పిచ్ ఎఫ్ఎక్స్' దేనిని నమోదు చేసేది?
3. గ్రెయింకీకి 2009లో లభించిన పురస్కారం ఏది?